కైరోస్ పాలస్తీనా: న్యాయమైన శాంతికి ఒక క్రైస్తవ పిలుపు

పాలస్తీనా క్రైస్తవులు 2009 డిసెంబరు 11న బేత్లెహేములో విడుదల చేసిన విశ్వాస ప్రకటన పేరు కైరోస్ పాలస్తీనా. దాని చుట్టూ పెరిగిన ఉద్యమాన్నీ అదే పేరుతో పిలుస్తారు. ఇజ్రాయెల్ సైనిక ఆక్రమణ ముగియాలనీ, యూదులూ పాలస్తీనీయులూ ఆ నేల మీద సమాన గౌరవంతో బతకాలనీ, అందాకా ప్రేమను విడవకుండా ప్రతిఘటించాలనీ దాని సారాంశం. యెరూషలేము లాటిన్ (రోమన్ కాథలిక్) పాట్రియార్కుగా పదవీ విరమణ చేసిన మిషెల్ సబ్బా, గ్రీకు ఆర్థడాక్స్ ఆర్చ్‌బిషప్ అతల్లా హన్నా, ఆంగ్లికన్ గురువు నయీమ్ అతీక్, లూథరన్ పాస్టర్ మిత్రి రహేబ్, సామాజిక కార్యకర్తలు రిఫాత్ కస్సీస్, సెడార్ దుయాబిస్, నోరా కోర్ట్ తదితరులు కలిసి దీన్ని రాశారు. సంఘ శాఖల మధ్య శతాబ్దాల నాటి పేచీలున్న ఆ ఊళ్లలో ఇంతమంది ఒక్క పత్రం మీద ఏకం కావడం మామూలు విషయం కాదు. విడుదలైన కొద్ది రోజులకే యెరూషలేములోని సంఘాధిపతులు ఒక ఉమ్మడి ప్రకటనతో దానికి అండగా నిలిచారు.

ఆ ప్రాంతపు శాంతి కోసం క్రైస్తవ సంఘాలు చేసిన విజ్ఞప్తులకు కొదవ లేదు. ఎక్కువ భాగం రోమ్, జెనీవా, లండన్, న్యూయార్క్ నుంచి వచ్చినవే. కైరోస్ పత్రాన్ని మాత్రం చెక్‌పోస్టుల దగ్గర గంటల తరబడి వరుసల్లో నిలబడేవాళ్లు రాసుకున్నారు. అది సానుభూతి అడిగి ఊరుకోలేదు. బైబిలు చదివే తీరు మార్చుకోమని ప్రపంచ సంఘాలను అడిగింది, సంఘాల డబ్బు ఎక్కడ పెట్టుబడి అవుతోందో చూసుకోమని అడిగింది. దాని మీద నడిచిన వాదంలో చాలా భాగం ఈ రెండు కోరికల చుట్టూ తిరిగింది.

పాలస్తీనా క్రైస్తవులు

వీరి మాతృభాష అరబ్బీ. తమ సంఘ వంశక్రమాన్ని యెరూషలేములో మొదటి పెంతెకొస్తు దినం నుంచి లెక్కపెట్టుకుంటారు. గ్రీకు ఆర్థడాక్స్ వారు ఎక్కువ. రోమన్ కాథలిక్కులు, మెల్కైట్లు, సిరియన్, అర్మేనియన్ సంఘాలవారు, ఆంగ్లికన్లు, లూథరన్లు కూడా ఉన్నారు. బ్రిటిష్ పాలనలో 1922 జనగణన నాటికి పాలస్తీనా జనాభాలో దాదాపు పదిమందికి ఒకరు క్రైస్తవులు. 2017 పాలస్తీనా జనగణనలో వెస్ట్ బ్యాంక్, గాజా కలిపి వారి సంఖ్య సుమారు 47 వేలు, అంటే నూటికి ఒకరు. ఇజ్రాయెల్ పౌరులుగా మరో లక్షా ఎనభై వేల మంది క్రైస్తవులున్నారు. వారిలో అత్యధికులు అరబ్బులే. ఈ తరుగుదలకు 1948 యుద్ధంలో ఏడు లక్షలకు పైగా పాలస్తీనీయులు నిర్వాసితులు కావడం, చదువుకున్న కుటుంబాలు అమెరికా, చిలీ వంటి దేశాలకు వలసపోవడం, తక్కువ జననాల రేటు, ఆక్రమణ కింద ఉపాధి కరువవడం, మత తీవ్రవాదం పెరుగుతుందేమోనన్న భయం అన్నీ కారణాలే. ఏ ఒక్కదాని మీదకో నెట్టేయడం సరికాదు. అయితే వెళ్లిపోయిన కుటుంబాలు చెప్పే కారణాల్లో ఆక్రమణ మాట తరచూ ముందు వరుసలో ఉంటుంది.

ఈ సమాజం దుఃఖం ఎలాంటిదో తెలియాలంటే గలిలయలోని కాఫ్ర్ బిరిమ్ గ్రామం కథ తెలియాలి. అక్కడివారు ఇజ్రాయెల్‌తో పోరాడలేదు. 1948 నవంబరులో సైన్యం వచ్చి, కొద్ది రోజులు ఊరు ఖాళీ చేయండి, తర్వాత తిరిగి రావచ్చు అని చెప్పింది. వాళ్లు నమ్మి వెళ్లారు. తిరిగి రానివ్వలేదు. కోర్టుకెక్కి పోరాడుతుండగానే 1953లో వైమానిక దళం ఊరిని నేలమట్టం చేసింది. చర్చి మాత్రం మిగిలింది. పొరుగునే ఉన్న ఇక్రిత్ విషయంలో సుప్రీంకోర్టు గ్రామస్థుల పక్షానే తీర్పిచ్చినా, 1951 క్రిస్మస్ ముందు రోజు సైన్యం ఆ ఊళ్లోని ఇళ్లను పేల్చివేసింది. కాఫ్ర్ బిరిమ్‌లో పుట్టిన ఎలియాస్ షకూర్ తర్వాత మెల్కైట్ ఆర్చ్‌బిషప్ అయ్యాడు. ఇబిలిన్ గ్రామంలో ఆయన కట్టిన విద్యాలయంలో క్రైస్తవ, ముస్లిం, డ్రూజ్ పిల్లలు కలిసి చదువుకున్నారు, యూదు ఉపాధ్యాయులు కూడా పాఠాలు చెప్పారు. తన ఊరిని కూల్చినవారిని ఆయన రక్త సోదరులనే పిలిచాడు. 1984లో వచ్చిన ఆయన ఆత్మకథ పేరు కూడా అదే.

దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన పేరు

కైరోస్ అంటే గ్రీకులో నిర్ణయం తీసుకోక తప్పని సమయం. 1985 సెప్టెంబరులో, వర్ణవివక్ష తీవ్రంగా ఉన్న రోజుల్లో, దక్షిణాఫ్రికా వేదాంతులు నూట యాభై మందికి పైగా ఇదే పేరుతో ఒక పత్రం మీద సంతకాలు చేశారు. అందులో మూడు రకాల వేదాంతాలను విడదీసి చూపించారు: పాలకుల అన్యాయానికి వాక్యంతో ముద్ర వేసేది ఒకటి, ఇరుపక్షాలూ సర్దుకుపోండి అంటూ అన్యాయం పేరెత్తనిది రెండోది, ప్రవక్తల బాటలో నిజం చెప్పేది మూడోది. మొదటిదానితో పాటు రెండో దాన్నీ వారు వదల్లేదు. పీడించేవాడినీ పీడితుడినీ ఒకే గాట కట్టి ఇద్దరూ క్షమించుకోండి అనడం క్రైస్తవ ధర్మం కాదని వారు తేల్చారు. పాలస్తీనా పత్రానికి పేరుతో పాటు ఈ పునాది కూడా అక్కడి నుంచే వచ్చింది.

పాలస్తీనాలో దీనికి ముందే దారి వేసిన వ్యక్తి నయీమ్ అతీక్. బేసాన్ (బైబిల్లోని బేత్షాను) ఆయన సొంత ఊరు. 1948లో పదకొండేళ్ల వయసులో కుటుంబంతో సహా అక్కడి నుంచి వెళ్లగొడితే నజరేతు చేరాడు. 1989లో వెలువడిన ఆయన పుస్తకం పాలస్తీనా విముక్తి వేదాంతానికి తొలి గ్రంథంగా నిలిచింది. తర్వాత యెరూషలేములో ఆయన స్థాపించిన సబీల్ కేంద్రం ఆ ఆలోచనలను సామాన్య విశ్వాసుల దాకా తీసుకెళ్లింది. ఆయన పదేపదే ఎత్తి చూపిన కథ మన ఆదివారపు బడి పిల్లలకు కూడా తెలిసిందే: నాబోతు ద్రాక్షతోట. తాతల నాటి పొలం అమ్మనన్న నాబోతును యెజెబెలు అబద్ధ సాక్ష్యంతో చంపించింది, రాజు అహాబు తోట స్వాధీనం చేసుకోబోయాడు, ఏలీయా ఎదురెళ్లి నిలదీశాడు. ఇశ్రాయేలు రాజునే ఇశ్రాయేలు దేవుడు తప్పు పట్టిన సందర్భమిది. భూమిని ఇచ్చిన దేవుడే ఆ భూమి మీద అన్యాయాన్ని సహించడని అతీక్ ఆ కథలోంచే వాదించాడు. ఆయన రాతల్లో ఇంతకన్నా బలమైన భాగం లేదనిపిస్తుంది. పాత నిబంధనను పక్కన పెట్టకుండా, యూదుల లేఖనంతోనే ఆయన న్యాయం అడిగాడు.

పత్రంలో ఏముంది

కైరోస్ పాలస్తీనా పత్రం మొదట నేల మీది వాస్తవాన్ని చెబుతుంది. 2002లో మొదలైన గోడ, వెస్ట్ బ్యాంక్‌లోనూ తూర్పు యెరూషలేములోనూ పెరుగుతున్న యూదు స్థావరాలు, ప్రార్థనకు యెరూషలేము వెళ్లాలన్నా పర్మిట్ కావాల్సి రావడం, విడిపోయిన కుటుంబాలు, ఖైదీలు, శరణార్థులు అందులో ఉన్నాయి. పత్రం వచ్చేనాటికి స్థావరాల్లో ఉన్నవారు సుమారు ఐదు లక్షలు. ఇప్పుడు ఏడు లక్షల దాకా ఉన్నారు. ఆత్మాహుతి దాడుల నుంచి పౌరులను కాపాడుకోవడానికే గోడ కట్టామని ఇజ్రాయెల్ అంటుంది. రెండో ఇంతిఫాదాలో (పాలస్తీనీయుల తిరుగుబాటులో) బస్సుల్లో, హోటళ్లలో వందలాది ఇజ్రాయెలీ పౌరులు చనిపోయిన మాట నిజమే. కానీ ఆ గోడ మార్గంలో అధిక భాగం సరిహద్దు మీద కాక వెస్ట్ బ్యాంక్ లోపలి నుంచి పోతుంది. అక్కడ దాన్ని కట్టడం అంతర్జాతీయ చట్టానికి విరుద్ధమని అంతర్జాతీయ న్యాయస్థానం 2004 జులైలో అభిప్రాయం చెప్పింది.

తర్వాతి అధ్యాయాలు విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ. పౌలు చెప్పిన ఈ మూడింటినీ ఒక రాజకీయ పరిస్థితికి ముడిపెట్టి వివరించిన తీరే పత్రానికి ప్రాణం. విశ్వాసం దగ్గర, ఆ నేలకు సర్వ మానవాళి కోసం ఒక పిలుపు ఉందని, దేవుని వాగ్దానాన్ని ఒక జాతిని వెళ్లగొట్టే హక్కుపత్రంగా వాడకూడదని చెబుతుంది. ఆక్రమణను దేవునికీ మానవాళికీ విరుద్ధమైన పాపంగా ప్రకటిస్తుంది. నిరీక్షణ దగ్గర, పరిస్థితి బాగుపడుతుందన్న సూచనలేవీ లేవని ముందే ఒప్పుకుంటుంది. చెడును చూస్తూనే దానికి లొంగకపోవడమే నిరీక్షణ అంటుంది. ప్రేమ దగ్గర అది అన్నిటికన్నా సాహసం చేసింది. శత్రువులోనూ దేవుని రూపాన్ని చూడాలి, అతను చేసే చెడును మాత్రం ఆపాలి, ఆపడం కూడా ప్రేమలో భాగమే అన్నది. ఆక్రమణ వల్ల ఇజ్రాయెలీ సైనికుడి ఆత్మ కూడా చెడుతుంది కాబట్టి ఆక్రమణ నుంచి విడుదల అతనికీ అవసరమే అన్న తర్కం ఇందులో ఉంది. యూదు రాజ్యమైనా ఇస్లామిక్ రాజ్యమైనా సరే, మతం ఆధారంగా పౌరులను విడదీసే రాజ్యం వద్దని స్పష్టంగా చెప్పింది. ఆక్రమణ ఉత్పత్తి చేసే వస్తువుల బహిష్కరణ, పెట్టుబడుల ఉపసంహరణ అహింసా మార్గాలని చెప్పి సంఘాలను వాటికి పిలిచింది.

ఈ మాటల పక్కన పెట్టి చదవాల్సిన మరో ప్రకటన ఉంది. 1948లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రపంచ సంఘాల మండలి తొలి మహాసభ యూదు ద్వేషాన్ని దేవునికీ మనిషికీ విరుద్ధమైన పాపమని ప్రకటించింది. యూరప్ క్రైస్తవులు శతాబ్దాల పాటు యూదులకు చేసిన ద్రోహం, అరవై లక్షల మంది హత్యతో ముగిసిన ఆ చరిత్ర, ఆ ఒక్క వాక్యానికి వెనక ఉన్నాయి. కైరోస్ రచయితలు దాదాపు అదే మాటను ఆక్రమణకు వాడారు. రెండు వాక్యాలూ నిజమేనని నమ్మగలిగినవారే ఈ విషయం మీద న్యాయంగా మాట్లాడగలరు. ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేసినవారు అటైనా ఇటైనా ఎవరో ఒకరి రక్తానికి కళ్లు మూసుకున్నట్టే.

ప్రేమతో ప్రతిఘటన: మూడు చోట్లు

బేత్ సహూర్ బేత్లెహేము పక్క ఊరు. గొర్రెల కాపరులకు దూతలు కనిపించారని చెప్పే పొలాలు అక్కడివే. కైరోస్ పత్రానికి ఇరవై ఏళ్ల ముందే ఈ క్రైస్తవ పట్టణం ప్రేమతో ప్రతిఘటన ఎలా ఉంటుందో చేసి చూపించింది. మొదటి ఇంతిఫాదా కాలంలో, 1988 నుంచి, సైనిక పాలనకు పన్ను కట్టబోమని ఊరంతా తీర్మానించుకుంది. పెదనందిపాడు పన్నుల నిరాకరణ గురించి విన్న తెలుగువారికి ఈ కథ ఇట్టే అర్థమవుతుంది. ఇజ్రాయెలీ పాలు కొనకూడదని ఒక కిబ్బుట్జ్ (యూదుల సామూహిక వ్యవసాయ క్షేత్రం) నుంచి పద్దెనిమిది ఆవులు తెచ్చుకుని పాడి పెట్టుకుంటే, ఆ ఆవులు భద్రతకు ముప్పని సైన్యం వాటి కోసం గాలించింది. 1989 శరత్కాలంలో సైన్యం పట్టణాన్ని ఆరు వారాల పాటు చుట్టుముట్టి, పన్ను బకాయిల కింద ఇళ్లలోని ఫర్నిచరు, దుకాణాల్లోని సరుకు, పనిముట్లు జప్తు చేసింది. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో దీన్ని ఖండించే తీర్మానం వస్తే అమెరికా వీటో చేసింది. ఊరివాళ్లు ఓడిపోయారా అంటే, ఆస్తి పోగొట్టుకున్నారు గానీ దీక్ష వదల్లేదు. ఈ పోరాటాలకు సిద్ధాంత బలం ఇచ్చినవారిలో గాంధీ బాటను అధ్యయనం చేసిన ముబారక్ అవద్ ఒకడు. 1985లో తూర్పు యెరూషలేములో అహింసా అధ్యయన కేంద్రం పెట్టిన ఆయనను ఇజ్రాయెల్ 1988లో దేశం నుంచి పంపేసింది. అహింస మాట్లాడేవారు పాలస్తీనాలో ఎక్కడున్నారని అడిగేవారు ఈ పేరు గుర్తుంచుకోవాలి.

బేత్ జాలా దగ్గరి క్రెమిసాన్ లోయలో సలేషియన్ సభ మఠం, ద్రాక్షతోటలు, చాలా క్రైస్తవ కుటుంబాల ఒలీవ తోటలు ఉన్నాయి. గోడ వాటిని చీల్చుకుపోతుందని తెలిసినప్పుడు కుటుంబాలు కోర్టుకెళ్లాయి. ఊరి గురువు ప్రతి శుక్రవారం ఒలీవ చెట్ల కిందే పూజ జరిపాడు. 2015 ఏప్రిల్‌లో ఇజ్రాయెల్ హైకోర్టు పాత మార్గాన్ని తప్పుపడితే లోయలో గంటలు మోగాయి. కొన్ని నెలలకే మార్పులతో పని కొనసాగించవచ్చని కోర్టు అంది, ఆగస్టులో యంత్రాలొచ్చి చెట్లను పెకలించాయి.

మూడోది నహ్హాలిన్ సమీపంలో నస్సార్ కుటుంబపు పొలం, ‘జాతుల గుడారం’. తాత 1916లో ఉస్మానియా ప్రభుత్వ కాలంలో కొన్న భూమికి వారి దగ్గర పత్రాలున్నాయి. అయినా 1991లో దాన్ని ప్రభుత్వ భూమిగా ప్రకటించారు. అప్పటి నుంచి కేసు నడుస్తూనే ఉంది. కట్టడాలకు అనుమతి లేదు కనుక గుహల్లో ఉంటారు, కరెంటు లేదు కనుక సౌర పలకలు పెట్టుకున్నారు. 2014 మేలో సైన్యం వందలాది పండ్ల చెట్లను బుల్డోజర్లతో తొలగిస్తే, దేశదేశాల నుంచి, యూదు సంఘాల నుంచి కూడా, వాలంటీర్లు వచ్చి తిరిగి నాటారు. పొలం వాకిట రాయి మీద, మేము శత్రువులుగా ఉండటానికి ఒప్పుకోం అన్న భావం పలు భాషల్లో చెక్కి ఉంది.

విమర్శలు

అమెరికాలోని సంస్కరణవాద యూదు రబ్బీల సంఘం 2010లో ఈ పత్రాన్ని గట్టిగా తప్పుపట్టింది. యూదులకూ ఆ భూమికీ ఉన్న బంధాన్ని అది చెరిపేస్తోందని, సంఘమే ఇశ్రాయేలు స్థానాన్ని ఆక్రమించిందన్న పాత క్రైస్తవ బోధను మళ్లీ తెస్తోందని వారి ఆరోపణ. ఈ ఆరోపణను తేలిగ్గా తీసిపారేయకూడదు. ఆ బోధ యూరప్‌లో ఎంత రక్తం పారించిందో చరిత్ర చెబుతుంది. ఆక్రమణే లేకపోతే ప్రతిఘటనా, భయమూ ఉండేవి కావన్న పత్రంలోని వాదన కూడా పూర్తిగా నిలవదు. ఇజ్రాయెల్ ఉనికినే ఒప్పుకోని సాయుధ ముఠాలు ఆక్రమణ మొదలైన 1967కు ముందూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. జాతి కోసం ప్రాణాలిచ్చినవారిని గౌరవిస్తామన్న మాటలో ఎవరెవరు వస్తారో విడమరచి ఉంటే బాగుండేది. ఇవన్నీ ఒప్పుకున్నా, పొలం పోగొట్టుకున్న రైతు అడిగే ప్రశ్న అలాగే మిగిలి ఉంటుంది. యూదు సమాజంలోనే ఆ ప్రశ్నను మోసినవారున్నారు. 1987లో యూదు విముక్తి వేదాంతం రాసిన మార్క్ ఎలిస్ ఒకరు. ఒలీవల కోతకాలంలో పాలస్తీనా రైతులకు కాపలాగా నిలబడే ‘మానవ హక్కుల కోసం రబ్బీలు’ సంస్థ 1988 నుంచి పనిచేస్తోంది.

క్రైస్తవుల లోపలి నుంచి వచ్చిన వ్యతిరేకత వేరే రకం. పంతొమ్మిదో శతాబ్దంలో జాన్ నెల్సన్ డార్బీ బోధించి, 1909 నాటి స్కోఫీల్డ్ బైబిలు ఊరూరా చేర్చిన యుగాల లెక్క ప్రకారం, యూదులు ఆ భూమికి తిరిగి రావడం క్రీస్తు రెండో రాకడకు ముందు జరగాల్సిన ఘట్టం. ఈ లెక్కలో పాలస్తీనా విశ్వాసికి చోటే ఉండదు, యూదుడు కూడా భవిష్యద్వాణి నెరవేరడానికి పనికొచ్చే పావుగా మిగులుతాడు. 2006 ఆగస్టులో మిషెల్ సబ్బాతో పాటు యెరూషలేములోని సిరియన్, ఆంగ్లికన్, లూథరన్ సంఘాధిపతులు ఈ బోధ సువార్తకు విరుద్ధమని ఉమ్మడిగా ప్రకటించారు.

ప్రపంచ సంఘాల స్పందన

డబ్బు దగ్గరికి వచ్చేసరికి సంఘాలు తడబడ్డాయి. అమెరికాలోని ప్రెస్బిటేరియన్ సంఘం 2014 జూన్‌లో, ఆక్రమణకు తోడ్పడుతున్నాయంటూ కాటర్‌పిల్లర్, హ్యూలెట్ ప్యాకర్డ్, మోటరోలా సొల్యూషన్స్ నుంచి పెట్టుబడులు వెనక్కి తీసుకోవాలని నిర్ణయించింది. 310 మంది అవునన్నారు, 303 మంది కాదన్నారు. ప్రపంచ సంఘాల మండలి 2002 నుంచి నడుపుతున్న సహచర కార్యక్రమంలో వివిధ దేశాల విశ్వాసులు మూడేసి నెలలు పాలస్తీనాలోనే ఉండి, బడికెళ్లే పిల్లలకు తోడు నడుస్తారు, చెక్‌పోస్టుల్లో జరిగేది నమోదు చేస్తారు. 2025 జూన్‌లో జొహన్నెస్‌బర్గ్‌లో సమావేశమైన మండలి కేంద్ర కమిటీ ఇజ్రాయెల్ విధానాలను వర్ణవివక్ష అని పేర్కొంది.

రాజీ మార్గంలో పనిచేసినవారూ ఉన్నారు. 1990లో సలీం మునాయెర్ స్థాపించిన ‘ముసాలహా’ యేసును నమ్మే యూదులనూ పాలస్తీనా క్రైస్తవులనూ కలిపి ఎడారి యాత్రలకు తీసుకెళ్లింది. డొమినికన్ గురువు బ్రూనో హుస్సార్ లత్రూన్ మఠం భూమిలో మొదలుపెట్టిన నెవే షాలోం గ్రామంలో యూదులూ అరబ్బులూ ఇరుగుపొరుగుగా ఉంటున్నారు.

2023 అక్టోబరు తర్వాత

2023 అక్టోబరు 7న హమాస్ ఇజ్రాయెల్ మీద దాడి చేసి సుమారు 1,200 మందిని చంపి, 251 మందిని బందీలుగా పట్టుకుపోయింది. తర్వాత గాజాలో జరిగిన యుద్ధంలో 60 వేల మందికి పైగా మరణించారని గాజా ఆరోగ్య శాఖ లెక్క. బందీలైన పిల్లలను విడిచిపెడితే వారి బదులు తాను వెళ్తానని లాటిన్ పాట్రియార్క్ పియర్‌బట్టిస్టా పిజ్జబల్లా ముందుకొచ్చాడు. అదే అక్టోబరు 19న గాజా నగరంలోని పురాతన సెయింట్ పోర్ఫిరియస్ చర్చి ఆవరణ ఇజ్రాయెల్ దాడిలో దెబ్బతిని, అక్కడ తలదాచుకున్నవారు పదిమందికి పైగా చనిపోయారు. 2025 జులై 17న కాథలిక్కుల హోలీ ఫ్యామిలీ చర్చి మీద గుండు పడి ముగ్గురు మరణించారు. పొరపాటున పడిందని ఇజ్రాయెల్ చెప్పింది. యుద్ధానికి ముందే గాజాలో క్రైస్తవులు వెయ్యి మంది. 2023 క్రిస్మస్‌కు బేత్లెహేము లూథరన్ పాస్టర్ ముంథర్ ఐజాక్ శిథిలాల రాళ్ల మధ్య బాలయేసును ఉంచిన పశుశాల దృశ్యం ప్రపంచమంతా చూసింది. కొద్ది నెలలకు, 2024 జులైలో, అంతర్జాతీయ న్యాయస్థానం పాలస్తీనా ప్రాంతాల్లో ఇజ్రాయెల్ కొనసాగడమే చట్టవిరుద్ధమని అభిప్రాయం వెలువరించింది.

తెలుగు సంఘాలతో బంధం

1882లో గాజాలో ఆసుపత్రి పెట్టిన చర్చ్ మిషనరీ సొసైటీయే అంతకు నాలుగు దశాబ్దాల ముందు మచిలీపట్నం వచ్చి పాఠశాల తెరిచింది. 2023 అక్టోబరు 17న పేలుడు జరిగిన అల్ అహ్లీ, గాజాలోని ఆ ఆసుపత్రే. పేల్చినది ఎవరన్న దానిపై ఇరుపక్షాలూ ఒకరినొకరు నిందించుకున్నాయి. ఇప్పుడు దాన్ని నడిపే యెరూషలేము ఆంగ్లికన్ డయాసిస్, దక్షిణ ఇండియా సంఘం ఒకే సహవాసంలో ఉన్నాయి. ఆంధ్ర ఇవాంజిలికల్ లూథరన్ సంఘం సభ్యత్వమున్న లూథరన్ ప్రపంచ సమాఖ్యకు 2010 నుంచి 2017 వరకు అధ్యక్షుడు పాలస్తీనా బిషప్ మునీబ్ యూనాన్. మరోవైపు నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల నుంచి వెళ్లి ఇజ్రాయెలీ వృద్ధులకు సేవలు చేస్తున్న తెలుగువారు సైరన్ మోగినప్పుడల్లా ఆ కుటుంబాలతో పాటే బంకర్లలోకి పరుగెత్తారు. ఇజ్రాయెలీల భయం వారికి పుస్తకాల ద్వారా తెలిసింది కాదు.

కైరోస్ పత్రం ప్రపంచ క్రైస్తవులను వచ్చి చూడమని ఆహ్వానించింది. తెలుగు రాష్ట్రాల నుంచి ఏటా యాత్రికులు వెళ్తూనే ఉన్నారు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తక్కువ ఆదాయం ఉన్నవారికి ఈ యాత్ర సహాయాన్ని 60 వేల రూపాయలకు పెంచింది. యాత్రలు సాధారణంగా గుడులు, సమాధి, నది, సముద్రం చూపించి తీసుకొస్తాయి. అక్కడి విశ్వాసులతో కూర్చునే పూట ఉండదు. బేత్లెహేములోని జనన ఆలయం నుంచి లూథరన్ క్రిస్మస్ చర్చికి నడిచి వెళ్లే దూరమే. యాత్ర నిర్వాహకులు ఆ ఊళ్లో ఒక ఆదివారం ఉండేలా ప్రయాణం కుదిర్చితే, మన విశ్వాసులు వారి మధ్య కూర్చుని ఆరాధించి, వారి కథ వారి నోటనే వినవచ్చు.